ముందు ఊరు, తర్వాత తేదీ, ఆపైనే జిల్లా: జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పరిపాలనా చరిత్రను గుంటూరులో కూర్చుని రాసే పద్ధతి

గుంటూరు లూథరన్ కుటుంబాలలో ఫాదర్ హయ్యర్ పేరు వినని పెద్దలు అరుదు. 1842 జూలై 31న గుంటూరు చేరి, అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆదరణతో ఇక్కడ మిషనరీగా పని మొదలుపెట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్, 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో పుట్టారు. కొన్నేళ్ల కిందట ఒక ప్రత్యేక సంచికకు ఆయన మీద వ్యాసం రాస్తూ, "లోయర్ సాక్సనీ రాష్ట్రం, హెల్మ్‌స్టెట్ జిల్లాలో జన్మించారు" అని ధీమాగా రాసేశాను. ఆ వాక్యంలో రాష్ట్రమూ తప్పే, జిల్లా కూడా తప్పేనన్న సంగతి అచ్చయ్యాక గానీ తెలియలేదు. లోయర్ సాక్సనీ ఏర్పడింది 1946 నవంబరు 1న. హెల్మ్‌స్టెట్ జిల్లా పుట్టింది 1833 జనవరి 1న. అంటే ఆయన పుట్టేనాటికి ఆ రెండూ లేవు. ఆ తప్పును దిద్దుకునే క్రమంలో నేర్చుకున్న పద్ధతిని, ఇలాంటి పని తలపెట్టే తెలుగువారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మన దస్తావేజుతో మొదలుపెట్టండి

జర్మనీ జోలికి వెళ్లే ముందు మీ ఇంట్లో పాత భూమి దస్తావేజు ఏదైనా ఉంటే తీసి చూడండి. బాపట్ల దగ్గరి ఒక ఊరికి చెందిన 1898 నాటి క్రయపత్రం అనుకుందాం. అందులో "కృష్ణా జిల్లా, బాపట్ల తాలూకా" అని ఉంటుంది. అదే పొలం 1910లో చేతులు మారితే కాగితంలో "గుంటూరు జిల్లా" అని పడుతుంది, ఎందుకంటే 1904 అక్టోబరు 1న కృష్ణా, నెల్లూరు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను విడదీసి గుంటూరు జిల్లాను ఏర్పాటు చేశారు. పై అధికారం 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రానికి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు మారింది. 1985లో తాలూకా స్థానంలో మండలం వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి అదే పొలం బాపట్ల జిల్లాలో ఉంది. పొలం గట్టు అంగుళం జరగకుండానే చిరునామా ఇన్నిసార్లు మారింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. గుంటూరు జిల్లా అనేది 1904లో కొత్తగా పుట్టిన పేరు కాదు. అంతకు ముందు కూడా గుంటూరు కేంద్రంగా ఒక జిల్లా ఉండేది, దాన్ని 1859లో రద్దు చేశారు. హెన్రీ స్టోక్స్ కలెక్టరుగా ఉన్నది ఆ పాత జిల్లాకు. కాబట్టి "1842లో గుంటూరు జిల్లా" అని రాయడం తప్పు కాదు గానీ, ఆ జిల్లానే నేటి జిల్లా అనుకుని హద్దులు గీస్తే తప్పవుతుంది. పేరు ఒక్కటే, ఆ పేరు కింద ఉన్న భూభాగం వేరు. జర్మనీ జిల్లాలతో పని చేసేటప్పుడు అడుగడుగునా ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే. అందువల్ల పరిశోధనను జిల్లా పేరుతో కాకుండా ఒక ఊరి పేరుతోనూ ఒక తేదీతోనూ మొదలుపెట్టాలి. ఊరు కదలదు, తేదీ మారదు. మధ్యలో ఉన్నవన్నీ మారతాయి.

మాటలను అనువదించే తొందర వద్దు

జర్మన్ భాషలో జిల్లాను క్రైస్ అంటారు, గ్రామీణ జిల్లాను లాండ్‌క్రైస్ అంటారు. ఈ మాటను యంత్రానువాదానికి ఇస్తే చాలాసార్లు "వృత్తం" అని వస్తుంది, ఎందుకంటే క్రైస్ అన్న మాటకు మామూలు అర్థం అదే. అమ్ట్ అంటే "కార్యాలయం" అని చెబుతుంది, కానీ పాత పత్రాలలో అమ్ట్ అంటే కొన్ని ఊళ్ల మీద పన్ను, న్యాయం, పోలీసు అధికారాలు కలిగిన ఒక ప్రాంతం. అన్నిటికంటే నవ్వు తెప్పించింది ఫ్లెకెన్. ఫోర్స్‌ఫెల్డె, కాల్‌ఫోర్డె అనే రెండు చోట్ల గురించి చదువుతుంటే "ఫోర్స్‌ఫెల్డె ఒక మరక" అని తెర మీద కనిపించింది. ఫ్లెకెన్ అంటే మరక అనే అర్థం ఉన్న మాట నిజమే, కానీ అక్కడ దాని అర్థం సంత హక్కులున్న పెద్ద ఊరు, పల్లెకూ పట్టణానికీ నడుమ ఉండే హోదా. ఫోర్స్‌ఫెల్డెకు పట్టణ హోదా 1955లో వచ్చింది.

అందుచేత నా సలహా ఏమిటంటే, మొదటిసారి వాడినప్పుడు జర్మన్ మాటను తెలుగు లిపిలో యథాతథంగా రాసి, అదేమిటో ఒక వాక్యంలో చెప్పి, ఆ తర్వాత మాత్రమే "జిల్లా" అని వాడుకోవాలి. గెమైండె అనేది మన గ్రామ పంచాయతీకి దగ్గరగా ఉండే స్థానిక సంస్థ. కొన్ని గెమైండెలు కలిసి ఉమ్మడి కార్యాలయం నడుపుకుంటే దాన్ని లోయర్ సాక్సనీలో జాంట్‌గెమైండె అంటారు. అనేక జిల్లాల మీద ఉండే ప్రాంతీయ పరిపాలనా విభాగం రెగీరుంగ్స్‌బెట్సిర్క్. మన దగ్గర దానికి సరిసమానమైనది లేదు, కాబట్టి "డివిజన్" అని రాసేస్తే రెవెన్యూ డివిజన్ అనుకునే ప్రమాదం ఉంది. రెవెన్యూ డివిజన్ జిల్లా లోపల ఉంటుంది, ఇది జిల్లా పైన ఉంటుంది.

అధికారుల పదవుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లాండ్‌రాట్ అన్న చోటల్లా "కలెక్టర్" అని రాయడం నాకు నచ్చదు. హెల్మ్‌స్టెట్‌లో 1833 నుంచి జిల్లా అధిపతిని క్రైస్‌డిరెక్టోర్ అనేవారు. ఆయన డ్యూక్ ప్రభుత్వం నియమించిన అధికారి గనుక, పోలిక చెప్పవలసివస్తే కలెక్టరుతో చెప్పవచ్చు. 1939 జనవరి 1న నాజీ ప్రభుత్వం దేశమంతటా జిల్లాల పేరును లాండ్‌క్రైస్‌గా, అధిపతి పేరును లాండ్‌రాట్‌గా ఏకీకరించింది. యుద్ధం ముగిశాక ఆ ప్రాంతం బ్రిటిష్ ఆక్రమణ మండలంలో చేరడంతో, బ్రిటిష్ వారు తమ దేశపు స్థానిక పాలన నమూనాలో ఒక పదవిని రెండుగా చీల్చారు: ఎన్నికైన జిల్లా సభకు గౌరవ అధ్యక్షుడిగా లాండ్‌రాట్, కార్యనిర్వాహక అధిపతిగా ఓబర్‌క్రైస్‌డిరెక్టోర్. ఈ జంట ఏర్పాటును ఎత్తివేసే సంస్కరణ 1996లో గానీ రాలేదు. ఆ తర్వాత క్రమంగా, ప్రజలు నేరుగా ఎన్నుకునే లాండ్‌రాట్ చేతికే రెండు బాధ్యతలూ వచ్చాయి. అంటే 1940 నాటి లాండ్‌రాట్, 1960 నాటి లాండ్‌రాట్, ఇప్పటి లాండ్‌రాట్ పేరుకు ఒకటే గానీ మూడూ వేర్వేరు పదవులు. 1960 నాటి పదవిని మన జిల్లా పరిషత్ చైర్మన్‌తో పోల్చితే కొంతవరకు అతుకుతుంది, ఇప్పటిదాన్ని దేనితో పోల్చినా అతకదు. పదవి పేరు పక్కన సంవత్సరం లేకుండా ఎప్పుడూ రాయకండి.

ముందుగా రాజ్యం ఏదో తేల్చుకోండి

జర్మనీ చరిత్ర అనగానే అక్కడి రాజ్యాలలో అతిపెద్దదైన ప్రష్యా గుర్తుకు రావడం సహజం. నేను కూడా అలాగే మోసపోయాను. 1885, 1905 జనగణనల ఆధారంగా ప్రష్యా ప్రభుత్వం వెలువరించిన గ్రామ సూచికలలో హెల్మ్‌స్టెట్ ఊళ్ల కోసం రెండు సాయంత్రాలు వెతికి, దొరక్కపోయేసరికి స్కాన్‌లో పుటలు తప్పిపోయాయేమో అనుకున్నాను. పుటలన్నీ ఉన్నాయి, ప్రాంతమే వేరు. హెల్మ్‌స్టెట్ ఏనాడూ ప్రష్యాది కాదు. అది బ్రౌన్‌ష్వైగ్ డచీకి, అంటే ఒక డ్యూక్ ఏలే రాజ్యానికి చెందినది. ప్రష్యా ప్రాంతాల మధ్య ముక్కలు ముక్కలుగా పడి ఉన్న ఆ చిన్న రాజ్యానికి తన చట్టాలు, తన గెజిట్, తన జిల్లాలు ఉండేవి. ప్రష్యాలో జిల్లాల వ్యవస్థను సమూలంగా మార్చిన 1872 డిసెంబరు 13 నాటి చట్టం ఇక్కడ వర్తించదు, ఇక్కడ 1871 నాటి బ్రౌన్‌ష్వైగ్ సొంత జిల్లా చట్టం వర్తిస్తుంది. కాబట్టి ఊరు తెలిసిన వెంటనే, మీకు కావలసిన తేదీన ఆ ఊరు ఏ రాజ్యంలో ఉందో తేల్చుకోవాలి. ఎక్కడ వెతకాలో దాన్నిబట్టే నిర్ణయమవుతుంది.

ఈ పనికి 1912–13లో అచ్చయిన మేయర్స్ స్థలనామకోశం బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది ప్రష్యాకే పరిమితం కాకుండా అప్పటి జర్మన్ సామ్రాజ్యం మొత్తాన్నీ చూపిస్తుంది. ఒక్కో ఊరికి రాజ్యం, జిల్లా, న్యాయస్థానం, జనన మరణాల నమోదు కార్యాలయం వరుసగా పొట్టి అక్షరాలలో ఇస్తుంది. ఆ పుస్తకం ఫ్రాక్టూర్ అనే పాత అచ్చు లిపిలో ఉంటుంది. భయపడవలసిన పని లేదు, వారం రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. మాట మధ్యలో వచ్చే పొడవాటి 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా కనిపిస్తుందన్న ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం కష్టం తీరుతుంది. ఒకే పేరున్న ఊళ్లతో జాగ్రత్త. మన దగ్గర కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి అని అడిగినట్లే, కోనిగ్స్‌బెర్గ్ అంటే తూర్పు ప్రష్యా రాజధానా, బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతంలో అదే పేరుతో ఉన్న జిల్లా కేంద్రమా అని అడగాలి. రెండింటి పేరుతోనూ జిల్లాలు ఉండేవి.

పట్టిక వేసే తీరు

ఇప్పుడు ఒక పెద్ద తెల్ల కాగితం, లేదా కంప్యూటరులో ఒక షీటు తీసుకుని, నిలువుగా ఐదు గళ్లు గీయండి: ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఏమి మారింది, దేని ప్రకారం మారింది, నాకు ఎక్కడ దొరికింది. వీటిలో మూడోది ముఖ్యం. మార్పులు మూడు రకాలు: పేరు మారడం, హద్దు మారడం, పై అధికారం మారడం. ఒక వరుసలో ఒక రకం మార్పునే నమోదు చేయండి. మూడింటినీ కలిపి "1939లో జిల్లా పునర్వ్యవస్థీకరణ జరిగింది" అని రాస్తే అది చదువరికి ఏమీ చెప్పదు. 1939 జనవరి 1న హెల్మ్‌స్టెట్‌లో మారింది పేరూ పదవీ మాత్రమే, ఆ ఉత్తర్వుతో ఒక్క ఊరూ అటూ ఇటూ కాలేదు.

హెల్మ్‌స్టెట్‌కు ఈ పట్టిక ఎలా నిండుతుందో చూద్దాం. హయ్యర్ పుట్టిన 1793లో పట్టణం బ్రౌన్‌ష్వైగ్-వోల్ఫెన్‌బ్యుటెల్ ప్రభువుల పాలనలో ఉంది. జిల్లాలు లేవు, అమ్ట్‌లు ఉన్నాయి. 1576లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఇంకా నడుస్తోంది. నెపోలియన్ గెలిచిన తర్వాత, 1807లో, ఆయన తమ్ముడు జెరోమ్‌కు వెస్ట్‌ఫేలియా అనే కొత్త రాజ్యాన్ని కట్టబెట్టారు. హయ్యర్ పద్నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లిపోయింది కూడా ఆ ఏడాదే. కొత్త రాజ్యంలో అంతా ఫ్రెంచి పద్ధతి: ఓకర్ నది పేరు మీద ఒక డిపార్ట్‌మెంట్, దాని కింద హెల్మ్‌స్టెట్ డిస్ట్రిక్ట్, దాని కింద కాంటన్‌లు. విశ్వవిద్యాలయాన్ని 1810లో మూసివేసింది ఆ ప్రభుత్వమే. 1813లో ఆ రాజ్యం కుప్పకూలింది, పాత ప్రభువులు తిరిగి వచ్చారు, డిస్ట్రిక్ట్ మాయమైంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, 1807–13 నాటి డిస్ట్రిక్ట్‌ను తర్వాతి జిల్లాకు మొదటి రూపంగా చూపించడం. పేరు ఒకటే అయినా రెండింటి మధ్య చట్టపరమైన కొనసాగింపు లేదు. మన 1859కి ముందరి గుంటూరు, 1904 తర్వాతి గుంటూరు లాంటి సంబంధమే ఇది. పట్టికలో వీటిని వేర్వేరు సంస్థలుగా చూపి, నడుమ ఒక గీత గీయాలి.

1830లో బ్రౌన్‌ష్వైగ్ ప్రజలు తిరగబడి రాజప్రాసాదానికి నిప్పు పెట్టి డ్యూక్ రెండవ కార్ల్‌ను తరిమేశారు. ఆయన తమ్ముడు విల్‌హెల్మ్ గద్దెనెక్కిన తర్వాత 1832 అక్టోబరు 12న కొత్త రాజ్యాంగం వచ్చింది, దాని వెంటే పరిపాలనను న్యాయవ్యవస్థ నుంచి వేరుచేసే సంస్కరణలు వచ్చాయి. ఫలితంగా 1833 జనవరి 1న డచీలో ఆరు జిల్లాలు పని మొదలుపెట్టాయి: బ్రౌన్‌ష్వైగ్, వోల్ఫెన్‌బ్యుటెల్, హెల్మ్‌స్టెట్, గాండర్స్‌హైమ్, హోల్ట్స్‌మిండెన్, బ్లాంకెన్‌బుర్గ్. హెల్మ్‌స్టెట్ జిల్లా కింద హెల్మ్‌స్టెట్, షోనింగెన్, కోనిగ్స్‌లుట్టర్, ఫోర్స్‌ఫెల్డె, కాల్‌ఫోర్డె అనే అమ్ట్‌లు ఉండేవి. ఈ ఐదు పేర్లు గుర్తుపెట్టుకోండి, జిల్లా తర్వాతి కథంతా వీటిలో ఏవి నిలిచాయి, ఏవి పోయాయి అన్నదే.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. శాసనం చేసిన తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ వేర్వేరు. పైన రాజ్యాంగానికి 1832, జిల్లాలకు 1833. దేశమంతా జిల్లాల పేరు మార్చిన ఉత్తర్వు 1938 నవంబరు నాటిది, అమలు 1939 జనవరి 1 నుంచి. మన దగ్గర కూడా 2022 జనవరిలో ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చి, ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు మొదలయ్యాయి. రెండు పుస్తకాలు రెండు సంవత్సరాలు చెబితే ఒకటి తప్పని కొట్టివేయకండి. చాలాసార్లు ఒకటి శాసనపు తేదీ, మరొకటి అమలు తేదీ అయి ఉంటుంది. రెండింటినీ రాసుకోండి, వ్యాసంలో మాత్రం అమలు తేదీనే వాడండి.

1833 తర్వాత చాలాకాలం జిల్లా హద్దుల విషయంలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. పైన మాత్రం 1871లో జర్మన్ సామ్రాజ్యం, 1918 నవంబరులో రాచరికం పోయి బ్రౌన్‌ష్వైగ్ జర్మనీలో ఒక గణతంత్ర రాష్ట్రం. అసలు కుదుపు 1945లో వచ్చింది.

రెండు ఊళ్లు పట్టుకుని నడవండి

జిల్లా మొత్తాన్ని ఒకేసారి అర్థం చేసుకోవడం కష్టం. హద్దుకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు ఊళ్లను ఎంచుకుని వాటి వెంట నడిస్తే జిల్లా తనంతట తానే కనిపిస్తుంది. నేను కాల్‌ఫోర్డెను, ఫోర్స్‌ఫెల్డెను ఎంచుకున్నాను.

కాల్‌ఫోర్డె చిత్రమైన ప్రదేశం. అది హెల్మ్‌స్టెట్ జిల్లాలో భాగమే గానీ దానికి అంటుకుని ఉండేది కాదు. చుట్టూ ప్రష్యా భూమి, నడుమ దీవిలా బ్రౌన్‌ష్వైగ్ భూమి. ఆంధ్రప్రదేశ్ మధ్యలో యానాం ఉన్నట్లు అనుకుంటే సరిపోతుంది. 1945లో విజేతలు జర్మనీని మండలాలుగా పంచుకున్నప్పుడు హెల్మ్‌స్టెట్ బ్రిటిష్ మండలంలోకి, కాల్‌ఫోర్డె సోవియట్ మండలంలోకి వెళ్లాయి. శతాబ్దానికి పైగా తాను చెందిన జిల్లా నుంచి విడిపోయి అది పక్కనున్న హాల్డెన్స్‌లేబెన్ జిల్లాలో కలిసింది. 1952లో తూర్పు జర్మనీ ప్రభుత్వం రాష్ట్రాలను పక్కనబెట్టి బెట్సిర్క్‌లు అనే పద్నాలుగు పరిపాలనా ప్రాంతాలను ఏర్పాటు చేసినప్పుడు మాగ్డెబుర్గ్ బెట్సిర్క్ కిందికి వచ్చింది. 1990లో సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రం తిరిగి ఏర్పడింది. 1994 జూలై 1న ఓరెక్రైస్ అనే కొత్త జిల్లాలోకి, 2007 జూలై 1న బోర్డె అనే ఇంకో కొత్త జిల్లాలోకి ఆ ఊరు మారింది. కాల్‌ఫోర్డెలో 1930లో పుట్టి అక్కడే బతికిన వారెవరైనా, ఇల్లు కదలకుండానే నాలుగు జిల్లాల మనిషి అయ్యారన్నమాట. అలాంటి వారి రికార్డులు వెతకాలంటే 1945కు ముందరివి ఒక రాష్ట్రంలో, తర్వాతివి ఇంకో రాష్ట్రంలో చూడాలి.

ఫోర్స్‌ఫెల్డె కథకు సరిహద్దు కాదు, ఫ్యాక్టరీ కారణం. 1938 జూలై 1న, పక్కనున్న గిఫ్‌హోర్న్ జిల్లాలో, కార్ల కర్మాగారం కోసం నాజీ ప్రభుత్వం ఒక కొత్త పట్టణానికి పునాది వేసింది. యుద్ధం తర్వాత దానికి వోల్ఫ్స్‌బుర్గ్ అని పేరు పెట్టారు. ఫోక్స్‌వాగన్ పెరిగేకొద్దీ పట్టణం పెరిగింది. 1972 జూలై 1న ప్రత్యేక చట్టం ద్వారా చుట్టుపక్కల ఊళ్లను వోల్ఫ్స్‌బుర్గ్‌లో కలిపేశారు. ఫాలర్స్‌లేబెన్‌తో పాటు ఫోర్స్‌ఫెల్డె కూడా అందులోకి పోయింది. అలా ఐదు పాత అమ్ట్‌లలో రెండు కేంద్రాలు జిల్లా చేజారాయి, ఒకటి యుద్ధం వల్ల, మరొకటి పరిశ్రమ వల్ల. విజయవాడ వారికి ఈ రెండోది కొత్తగా అనిపించదు. నగరం పెరిగేకొద్దీ చుట్టుపక్కల పంచాయతీల పేర్లు నగరపాలక సంస్థ పత్రాలలోకి ఎక్కడం వారు చూస్తున్నదే.

పోయినవే కాదు, వచ్చినవీ ఉన్నాయి. 1974 మార్చి 1న బ్రౌన్‌ష్వైగ్ గ్రామీణ జిల్లాను రద్దు చేసినప్పుడు లేరె అనే ఊరు హెల్మ్‌స్టెట్‌కు దక్కింది. 1833 నాటి ఆరింటిలో బ్రౌన్‌ష్వైగ్, గాండర్స్‌హైమ్, బ్లాంకెన్‌బుర్గ్ జిల్లాలు 1970వ దశకం ముగిసేలోగా కనుమరుగయ్యాయి. హోల్ట్స్‌మిండెన్, వోల్ఫెన్‌బ్యుటెల్, హెల్మ్‌స్టెట్ మిగిలాయి. పైస్థాయిలో బ్రౌన్‌ష్వైగ్ రాష్ట్రం 1946లో లోయర్ సాక్సనీలో కలిసి దాని పరిపాలనా విభాగంగా మిగిలింది, 1978లో అది విస్తరించిన రెగీరుంగ్స్‌బెట్సిర్క్‌గా మారింది, 2004 చివరితో ఆ అంచెనే రాష్ట్రమంతటా ఎత్తేశారు. కాబట్టి 2005 తర్వాతి వ్యాసంలో "బ్రౌన్‌ష్వైగ్ రెగీరుంగ్స్‌బెట్సిర్క్‌లోని హెల్మ్‌స్టెట్" అని ఉంటే రచయిత పాత పుస్తకం నుంచి ఎత్తి రాశారని అర్థం చేసుకోవచ్చు.

బండి నంబరు కూడా ఒక సాక్ష్యమే. పశ్చిమ జర్మనీలో 1956 నుంచి నంబరు ప్లేటు మొదటి అక్షరాలు జిల్లాను చెబుతాయి. హెల్మ్‌స్టెట్‌కు హెచ్‌ఈ, వోల్ఫ్స్‌బుర్గ్‌కు డబ్ల్యూఓబీ. పాత ఫొటోలో బండి కనిపిస్తే దాని ప్లేటు చూడండి. గుంటూరు బండికి ఏపీ 07, విజయవాడ బండికి ఏపీ 16 ఉండే రోజులు పోయి 2019లో అందరికీ ఏపీ 39 వచ్చాక మనం ఆ వెసులుబాటు కోల్పోయాం. అయితే ప్లేటు ఒక్కదాన్నే ఆధారంగా చూపకండి, అది బండి నమోదైన చోటునే చెబుతుంది.

ఆధారాలు అడిగే తీరు

పాత బ్రౌన్‌ష్వైగ్ రాజ్యపు పత్రాలు వోల్ఫెన్‌బ్యుటెల్‌లోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. లోయర్ సాక్సనీ అభిలేఖాగారాల జాబితాలను ఆర్కిన్‌సిస్ అనే పోర్టల్‌లో ఇంటి నుంచే వెతకవచ్చు. అక్కడ ఊరి పేరుతో, క్రైస్‌డిరెక్షన్ (క్రైస్‌డిరెక్టోర్ కార్యాలయం) అన్న మాటతో కలిపి వెతికితే ఫైళ్ల శీర్షికలు దొరుకుతాయి. ఫైలు లోపలి పుటలన్నీ దొరుకుతాయని ఆశించకూడదు. ఫైలు సంఖ్య దొరికాక వారికి ఉత్తరం రాయండి. ఉత్తరం పొట్టిగా, ఒకే ప్రశ్నతో ఉండాలి. "హెల్మ్‌స్టెట్ చరిత్ర గురించి తెలపండి" అని కాకుండా, "ఫలానా ఊరు 1850లో ఏ అమ్ట్ కింద ఉండేదో ఫలానా ఫైలులో ఉందా?" అని అడగాలి. తాలూకా ఆఫీసులో అడంగల్ నకలు అడిగేటప్పుడు సర్వే నంబరు చెప్పకుండా అడిగితే గుమస్తా మొహం ఎలా పెడతాడో మనకు తెలుసు కదా. అక్కడా అంతే, మర్యాదలో మాత్రం కాస్త తేడా.

జనన మరణాల విషయంలో తేదీలు బాగా గుర్తుంచుకోండి. సామ్రాజ్యం అంతటా ప్రభుత్వ నమోదు కార్యాలయాలు 1876 జనవరి 1 నుంచి పనిచేశాయి, ప్రష్యాలో అంతకు కాస్త ముందుగా 1874 అక్టోబరు 1 నుంచి. హెల్మ్‌స్టెట్‌కు వర్తించేది 1876. అంతకు ముందు కావాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. హయ్యర్ జననం 1793లో గనుక ఏ జిల్లా కార్యాలయాన్ని అడిగినా ప్రయోజనం లేదు.

ఒక గడి ఎంత వెతికినా నిండకపోతే ఖాళీగానే వదిలేయండి. పక్క వరుసను చూసి ఊహించి నింపినది మూడు నెలల తర్వాత మీకే నిజంలా కనిపిస్తుంది. ఇక పట్టిక సిద్ధమయ్యాక వాక్యం రాయండి. నేను సవరించి రాసిన వాక్యం ఇది: "హయ్యర్ 1793 జూలై 10న, అప్పటి బ్రౌన్‌ష్వైగ్-వోల్ఫెన్‌బ్యుటెల్ రాజ్యంలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో జన్మించారు, ఆ పట్టణం 1833 నుంచి అదే పేరున్న జిల్లాకు కేంద్రం, 1946 నుంచి లోయర్ సాక్సనీ రాష్ట్రంలో భాగం." పాతదానికంటే పొడుగైంది. సంచిక రెండో ముద్రణలో స్థలం చాలదని సంపాదకులు "1833 నుంచి" అన్న ముక్కను కొట్టేయబోతే, ఆ ముక్కను ఉంచి నా పేరు కింద ఉన్న బిరుదులను తీసేయమన్నాను.